మందు చేరాల్సిన చోటికి చేరాలంటే

(సొసైటీ వార్షిక సమావేశంలో వైద్య సహాయ నిధి తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ సభలో వైద్య సహాయ నిధి లెక్క చదువుతాం. ఎంతమందికి మందులు కొనిచ్చాం, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని చెప్పి కూర్చుంటాం. ఈసారి లెక్కకు ముందు ఒక పొరపాటు గురించి చెప్పాలి. ఆ ఖర్చు కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే.

అశోక్‌నగర్‌లో కట్టుబడి నడుస్తున్న ఒక అపార్ట్‌మెంట్‌లో సెంట్రింగ్ పనిచేసే కుర్రాడు మన దగ్గరికి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. జ్వరం అన్నాడు. మందుల చీటీ చూపించాడు. కొనిచ్చాం. మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి వేరే క్లినిక్ చీటీ, టైఫాయిడ్ ఇంజెక్షన్లు. కొనిచ్చాం. నెల దాటాక మూడోసారి వచ్చాడు. బెల్టుకు కొత్త రంధ్రం పొడుచుకున్నాడు. అంత చిక్కిపోయాడు. పొట్ట మాత్రం ఎడమవైపు ఎత్తుగా కనిపిస్తోంది. మళ్లీ కొనిచ్చాం. మూడు బిల్లులూ సక్రమంగానే ఉన్నాయి. ఆడిట్‌లో ఎవరూ తప్పు పట్టలేదు.

మందుల పొట్లం ఇస్తూ మన కుర్రాడొకడు మాటవరసకు ఉర్దూలో అడిగాడు, "మీది ఏ ఊరు భాయ్?" అని. ముజఫర్‌పూర్ జిల్లా, బీహార్ అన్నాడు. పక్కనే కూర్చున్న నాకు ఆ ఊరి పేరు వినగానే గుండె ఝల్లుమంది. ఫార్మసీ కాలేజీలో చాలా ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. ముజఫర్‌పూర్ పేరు ఆ పాఠంలోనే ఉంది. రెండు నెలలుగా తగ్గని జ్వరం, చిక్కిపోయిన ఒళ్లు, ఉబ్బిన ప్లీహం, ముజఫర్‌పూర్. ఈ నాలుగూ కలిపితే అనుమానించాల్సిన జబ్బు పేరు కాలా ఆజార్.

చౌకీదారు గదిలో దొంగ

కాలా అంటే నలుపు, ఆజార్ అంటే జబ్బు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ రెండు మాటలూ తెలుసు. రోగి చర్మం నల్లబడుతుందని ఆ పేరు వచ్చింది. దోమలో మూడో వంతు ఉండే ఇసుక ఈగ కుడితే వస్తుంది. మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో, తడి నేలల్లో ఆ ఈగ బతుకుతుంది. మన దేశంలో ఈ జబ్బు బీహార్, జార్ఖండ్, ఉత్తర ప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలది. తెలంగాణది కాదు. చికిత్స అందకపోతే నూటికి 95 మందికి పైగా చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

జబ్బు మనది కాకపోయినా దాని చరిత్రకు మన ఊరితో ఒక చుట్టరికం ఉంది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి బోర్డు మీద రొనాల్డ్ రాస్ పేరు చూసే ఉంటారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన డాక్టరు ఆయన. ఆరేళ్ల తర్వాత, 1903లో, లీష్మన్ అనే డాక్టరూ, మద్రాసు జనరల్ ఆస్పత్రిలో పనిచేస్తున్న డొనొవాన్ అనే డాక్టరూ విడివిడిగా కాలా ఆజార్ క్రిమిని ప్రకటించారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి లీష్మానియా డొనొవాని అని నామకరణం చేసింది ఈ రాసే.

ఆ క్రిమి దాక్కునే చోటు మాత్రం విచిత్రం. మన కాలేయంలో, ప్లీహంలో, ఎముకల మూలుగులో మాక్రోఫేజ్‌లనే కణాలుంటాయి. బయటి నుంచి వచ్చిన దేన్నయినా పట్టి మింగి అరిగించేయడం వాటి పని. శరీరానికి అవే చౌకీదార్లు. ఈ క్రిమి పోయి పోయి ఆ చౌకీదారు కడుపులోనే కాపురం పెడుతుంది. అక్కడే పిల్లల్ని పెడుతుంది. దొంగను పట్టాల్సినవాడి గదిలోనే దొంగ మకాం. బస్తీ అంతా వెతికినా దొరకడు.

అందుకే దీనికి మందు కనిపెట్టడం ఒక కష్టమైతే, ఆ మందును ఆ గదిలోకి పంపడం ఇంకో కష్టం. 1920ల తొలినాళ్లలో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అనే మందు తయారు చేశారు. అది లక్షల ప్రాణాలు కాపాడింది. ఆ కుటుంబానికి చెందిన మందులే దశాబ్దాలపాటు వాడారు. 1990లు వచ్చేసరికి బీహార్‌లో ఎక్కువమంది మీద అవి పనిచేయడం మానేశాయి. క్రిమి ఆ మందుకు అలవాటు పడిపోయింది.

అప్పుడు యాంఫోటెరిసిన్ బి వైపు చూశారు. 1950లలో వెనిజులా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిన మందు అది. అసలు బూజుల మీద వాడేది. బూజుల కణాల గోడలో, ఈ క్రిమి గోడలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు ఉంటుంది. మందు దానికి అతుక్కుని గోడకు తూట్లు పొడుస్తుంది. మన కణాల గోడలో ఉండేది కొలెస్టరాల్. రెండూ దాయాదులు. మందు ఎక్కువగా ఎర్గోస్టెరాల్‌నే పట్టుకుంటుంది కానీ, కొంత మన కణాలను కూడా గాయపరుస్తుంది. ఎక్కువ దెబ్బ తినేవి మూత్రపిండాలు. పైగా అది నీళ్లలో కరగదు, మింగితే పేగుల నుంచి రక్తంలోకి ఎక్కదు. రోజు విడిచి రోజు, పదిహేను సార్లు, గంటల తరబడి నరంలోకి ఎక్కించాలి. చలి, వణుకు, జ్వరం. నెల రోజులు ఆస్పత్రి మంచం. కూలి చేసుకునేవాడికి నెల మంచం అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ వివరించక్కర్లేదు.

వెంట్రుకలో వెయ్యో వంతు బుడగ

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నానో మందులంటే ఏదో కొత్త విషయమని, ధనవంతుల వైద్యమని చాలామంది అనుకుంటారు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన కణాల గోడలు ఏ రకం కొవ్వుతో కట్టి ఉంటాయో, అదే రకం కొవ్వుతో చిన్న బుడగలు చేయవచ్చని 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బ్యాంగమ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. వాటిని లైపోజోమ్‌లంటారు. యాంఫోటెరిసిన్‌ను ఆ బుడగ గోడలో ఇమిడ్చారు. ఒక్కో బుడగ వంద నానోమీటర్లకన్నా తక్కువ. అంటే మన తలవెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు.

బుడగ ఏం చేస్తుంది? మొదట, మందును తనలోనే పట్టి ఉంచుతుంది. దారిలో కారిపోనివ్వదు. అందువల్ల మూత్రపిండాలకు తగిలే దెబ్బ బాగా తగ్గుతుంది. రెండోది ఇంకా గొప్ప సంగతి. రక్తంలో తిరుగుతున్న ఆ బుడగను ఎవరు పట్టుకుంటారు? చౌకీదారే. ఇదేదో పరాయి వస్తువని మాక్రోఫేజ్ దాన్ని గుటుక్కున మింగుతుంది. దొంగ ఎక్కడున్నాడో మందు సరిగ్గా అక్కడికే చేరుతుంది. ఏ గుణాన్ని ఆసరా చేసుకుని క్రిమి లోపల దాక్కుందో, అదే గుణం దాని ప్రాణం తీస్తుంది. చాలా జబ్బుల్లో లైపోజోమ్‌లను మాక్రోఫేజ్‌లు తినేయడం శాస్త్రవేత్తలకు తలనొప్పి. కాలా ఆజార్‌లో అదే వరమైంది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తేవాళ్లు.

దీని ఫలితం లెక్కల్లో చూడండి. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో డాక్టర్ శ్యామ్ సుందర్, సహచరులు 412 మంది రోగుల మీద చేసిన అధ్యయనం 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కొందరికి పాత పద్ధతిలో పదిహేను ఇంజెక్షన్లు. మిగతావారికి లైపోజోమ్ మందు ఒక్కసారి, కిలో బరువుకు పది మిల్లీగ్రాముల చొప్పున. ఆరు నెలల తర్వాత చూస్తే పాత పద్ధతిలో 96.3 శాతం మందికి, ఒక్క డోసుతో 95.7 శాతం మందికి నయమైంది. నెల రోజుల మంచం ఒక్క రోజుకు తగ్గింది. 2014లో మన దేశం ఈ ఒక్క డోసు పద్ధతినే తన కార్యక్రమంగా తీసుకుంది.

మరి ఖరీదు? 35 కిలోల మనిషికి 350 మిల్లీగ్రాములు కావాలి. ఒక వయల్‌లో 50 ఉంటుంది. అంటే ఏడు వయళ్లు. బజారులో ఒక్కో వయల్ వేల రూపాయలు. పేదవాడికి అందేది కాదు. 2011లో తయారీ సంస్థ గిలియడ్, ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఒప్పందం చేసుకుని లక్షల వయళ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. దాతలు మీరు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. శాస్త్రం, ప్రభుత్వం, దానం ఈ మూడూ ఒక దారిలో నడిచాయి. 2023 అక్టోబరులో బంగ్లాదేశ్ కాలా ఆజార్‌ను ప్రజారోగ్య సమస్యగా తొలగించిన మొదటి దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మన దేశంలో కూడా కేసులు బాగా పడిపోయాయి.

2021 మే నెల గుర్తుందా?

ఈ మందు పేరు మీలో చాలామంది ముందే విన్నారు. కరోనా రెండో అలలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు జనం ఏ ఇంజెక్షన్ కోసం పరుగులు తీశారో, అది ఇదే. ఆ నెలలో మన నిధిలో డబ్బుంది. మందు లేదు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా ఏ దుకాణంలో అడిగినా లేదన్నారు. ఆటో నడిపే ఒక కుటుంబం రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి, డబ్బు మేమే పెట్టుకుంటాం, మందు ఎక్కడుందో చెప్పండి చాలు అని ఏడ్చింది. నా దగ్గర జవాబు లేదు. నరంలోకే ఎక్కించాల్సిన మందు, చల్లగా దాచాల్సిన మందు, తయారీ కష్టమైన మందు అయితే కరువు వచ్చినప్పుడు ఏమవుతుందో ఆ నెల చూపించింది.

అదే మే నెలాఖరులో మన పక్కనే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఒక ప్రకటన చేసింది. కెమికల్ ఇంజనీరింగ్ విభాగంలోని సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మ గార్లు అప్పటికే కాలా ఆజార్ కోసమని యాంఫోటెరిసిన్‌ను నానో ఫైబర్ల రూపంలో, నోటితో వేసుకునేలా తయారు చేసే పనిలో ఉన్నారు. 2019లోనే అది పనిచేసే ఆలోచన అని ప్రయోగశాలలో చూపించారు. వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని పోగుల్లో మందును ఇమిడ్చితే అది నెమ్మదిగా విడుదలవుతుంది, మూత్రపిండాల మీద భారం తగ్గుతుందని వారి ఉద్దేశం. 60 మిల్లీగ్రాముల మాత్ర సుమారు 200 రూపాయలకు రావచ్చని, ఈ పద్ధతి మీద మేధోహక్కుల అడ్డంకి ఉండదని, తగిన కంపెనీలకు అందజేస్తామని చెప్పారు.

ప్రయోగశాలలో పనిచేసిందంటే రేపు దుకాణంలో దొరుకుతుందని కాదు. ప్రతి మందూ జంతువుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షలు దాటాలి. ఏళ్లు పడుతుంది. ఎన్నో మందులు మధ్యలోనే ఆగిపోతాయి. అయినా ఈ సంగతి మీకు చెప్పడానికి కారణముంది. పేదల జబ్బులకు పరిశోధన చేయడం కంపెనీలకు లాభసాటి కాదు. కొనే శక్తి లేని రోగి కోసం ఎవరు కోట్లు పెడతారు? అందుకే వీటిని నిర్లక్ష్యానికి గురైన జబ్బులంటారు. హక్కులు వదులుకుని మందు చేసే శాస్త్రవేత్త ఇచ్చేది కూడా ఒక దానమే. అశోక్‌నగర్ హాస్టళ్లలో, సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని పోటీ పరీక్షలకు చదువుతున్న మన పిల్లల్లో ఒకరిద్దరైనా ఈ దారికి వస్తే, స్కాలర్‌షిప్ నిధి వారికి తోడు నిలవాలని నా కోరిక.

మనవాళ్లకు ఇది కొత్త కూడా కాదు. బోదకాలు జబ్బుకు ఈనాటికీ ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆ పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మాత్ర చవక, సులభం, ఉచితం కూడా. అయినా తెలంగాణ జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు పడే కష్టం ఏమిటో అడగండి. మాత్ర తీసుకున్నవారు తర్వాత వేసుకుంటామని కిటికీలో పెట్టేస్తారు. అందుకే ఎదురుగానే మింగించమని ఆదేశాలిస్తారు. నానో మందులో శాస్త్రవేత్త చివరి మైక్రాన్ దూరం గురించి ఆలోచిస్తాడు. ఆశా కార్యకర్త చివరి అడుగు దూరం గురించి ఆలోచిస్తుంది. ఇద్దరిదీ ఒకటే పని.

మన వంతు

మన సెంట్రింగ్ కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రమే అతన్ని ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. వేలి కొసన ఒక చుక్క రక్తం తీసి ఆర్‌కే39 అనే పట్టీ మీద వేశారు. అరగంట కూడా పట్టలేదు. రెండు గీతలు కనిపించాయి. మిగతా పరీక్షలు పూర్తయ్యాక లైపోజోమ్ మందు ఎక్కించారు. వారం తిరిగేసరికి జ్వరం లేదు. "చాచా, మళ్లీ పనిలోకి ఎప్పుడు వెళ్లొచ్చు?" అన్నది అతని మొదటి ప్రశ్న. నాకు సంతోషం కలగలేదు, సిగ్గేసింది. ఒక చుక్క రక్తంతో తేలే విషయానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఈ రెండు నెలల్లో అతను ఇంటికి ఒక్క రూపాయి పంపలేదు. ఊళ్లో తల్లి అప్పు చేసింది. మనం మూడుసార్లు మందులు కొన్నాం, మూడుసార్లూ తప్పు మందులు. డాక్టర్లను తప్పు పట్టడం లేదు. ఇక్కడ జ్వరమంటే డెంగీ, మలేరియా, టైఫాయిడే ముందు గుర్తొస్తాయి. మీది ఏ ఊరని అడగడానికి ఖర్చు లేదు. మేం అడగలేదు, అంతే.

అందుకని కార్యవర్గం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

మొదటిది. రెండు వారాలు దాటిన జ్వరంతో ఎవరొచ్చినా మన ఫారంలో రెండు ప్రశ్నలు చేరాలి. సొంత ఊరు ఏది? ఈ మధ్య అక్కడికి వెళ్లొచ్చారా? జవాబు బీహార్, జార్ఖండ్, తూర్పు యూపీ, బెంగాల్ అయితే మందుల చీటీ కొనడం ఆపి, పెద్ద ఆస్పత్రిలో పరీక్షకు మనిషిని తోడిచ్చి పంపాలి. మందు ఏది, ఎంత అన్నది డాక్టర్లే చెప్పాలి. తోడు వెళ్లడం మన పని.

రెండోది. నిధిలో కొంత భాగం మందులకు కాకుండా పరీక్షలకు, ఆటో ఛార్జీలకు, కూలి నష్టానికి విడిగా ఉంచాలి. ఇది వింతేమీ కాదు. బీహార్‌లో కాలా ఆజార్ రోగికి కూలి నష్టం కింద రాష్ట్రం 6,600, కేంద్రం 500, మొత్తం 7,100 రూపాయలు ఇస్తున్నాయి. మందు ఉచితమైనా, పని మానుకుని రాలేని రోగికి అది అందదని వాళ్లు గ్రహించారు. మందు బిల్లు చూపిస్తే దాతకు తృప్తిగా ఉంటుంది. ఆటో ఛార్జీ బిల్లు చూపిస్తే అంత తృప్తి ఉండదు. నాకు తెలుసు. కానీ ఆ కుర్రాడి విషయంలో పనిచేసిన ఖర్చు ఆ ఆటో ఛార్జీయే.

మూడోది. ఇందుకు మన దగ్గర డబ్బుతో కొనలేని వస్తువు ఒకటుంది. మన భాష. బీహారీ కూలీకి తెలుగు రాదు. చాలామంది ఆస్పత్రి కౌంటర్ దగ్గర నోరు విప్పలేక వెనక్కి తిరిగిపోతారు. మన ఇళ్లలో మాట్లాడే ఉర్దూ వాళ్లకు అర్థమవుతుంది. కాలేజీ పిల్లలు నెలలో ఒక ఆదివారం ఇచ్చినా చాలు. మన చుట్టుపక్కల కట్టుబడి నడిచే చోట్లకు వెళ్లి, ఎవరికైనా చాలా రోజులుగా జ్వరం ఉందా అని అడిగి రావాలి. కాలా ఆజార్ ఈ సంవత్సరం ఒక్కరికీ ఉండకపోవచ్చు. మలేరియానో, క్షయో బయటపడవచ్చు. అదీ మేలే కదా. ఆ కుర్రాడు ఏ మతం వాడని ఇంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు. ఈ సొసైటీలో అడగరని కూడా తెలుసు.

ఆ బుడగ చేసే పని గొప్పదని చెప్పాను. మందును జాగ్రత్తగా పట్టుకుని, దారిలో ఎవరికీ హాని చేయకుండా, చేరాల్సిన గది తలుపు దాకా తీసుకెళ్తుంది. కానీ అది పనిచేసేది రోగి నరంలోకి ఎక్కిన తర్వాతే. అశోక్‌నగర్ కట్టుబడి స్థలం నుంచి ఆస్పత్రి మంచం దాకా ఉన్న దారిలో అతన్ని చేయి పట్టుకుని నడిపించాల్సింది మనం.

ఇక లెక్క చదువుతాను. గత ఏడాది మందుల ఖర్చు కింద రాసిన ఆ మూడు బిల్లులను ఈసారి నేను వేరే పద్దు కింద చూపించాను. పద్దు పేరు 'నేర్చుకున్న పాఠం'. ఆడిటర్ గారు నవ్వి సంతకం పెట్టారు. మీరు కూడా మన్నిస్తారని, వచ్చే ఏడాది ఆ పద్దు కింద సున్నా ఉండేలా సహకరిస్తారని ఆశిస్తున్నాను.